టాలు మొక్క

టెక్కలి
జూలై 12, 2025

ఒసే బేబీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మందస కాలేజీలో నీ వెనక బెంచీలో కూర్చుని, బోర్డు కనబడక రెండేళ్లు మెడ సాచిన భానుప్రియని. ఫోన్ ఉండగా ఈ కాగితం ఏంటని తిట్టుకుంటున్నావు కదూ? కారణం ఉంది.

ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ బడిలో నాకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆరో తరగతి వాళ్లకి ఉత్తరం రాయడం ఒక పాఠం. "మేడమ్, ఉత్తరం అంటే కొరియరా?" అని అడిగారు. స్టాంపు అంటించిన కవరు ఒక్కళ్లూ చూడలేదట. "ఆగండి, నా స్నేహితురాలి చేత రాయిస్తాను, మీ ముందే విప్పుతాను" అని మాటిచ్చేశాను. ఇప్పుడు నా పరువు నీ చేతిలో ఉంది.

ఏం రాయాలంటావా? ఈ వారం మా పాఠంలో ఒక మాట వచ్చింది. టాల్. "పొడుగు" అని చెప్పేసి ముందుకు పోవచ్చు. పోనిచ్చారా! "కొండ టాలా మేడమ్?" అంది ఒకత్తి. కాదు, కొండని హై అంటారన్నాను. "మబ్బు?" అదీ కాదు. "మరి చెట్టు?" ఆ, చెట్టు టాలే. "ఎందుకని?" అంది. కిటికీలోంచి చూస్తే దూరంగా కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. రెండూ నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

మాట మార్చాలి కదా, "మీకు తెలిసినవాళ్లలో బాగా టాల్ ఎవరు?" అని అడిగాను. ఒక్కొక్కరూ చెప్పాక నా వంతు వచ్చింది. "నా స్నేహితురాలు బేబి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కమలకుమారి అని ఒక పిల్ల లేచి, "బేబీ టాల్ ఎలాగవుద్ది మేడమ్?" అంది.

దానికి జవాబు నువ్వే చెప్పాలి. మీ ఊళ్లో ఏమేం టాలో కూడా రాయి.

అన్నట్టు, మీ ఊళ్లో ఈసారి పెళ్లిళ్ల ఏడని మా అమ్మ సుభద్ర చెప్పింది. నిజమేనా?

నీ,
భాను


సరుగుడుపేట, వయా మందస
జూలై 25

భాను మేడమ్‌కీ, ఆరో తరగతి పిల్లలకీ,

నమస్కారం. నేనే బేబిని, టాల్‌గా ఉన్నదాన్ని. పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నానని ఆ పేరు పెట్టారట. తర్వాత మార్చాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు మా ఇంటి గుమ్మం దాటేటప్పుడు నేనొక్కదాన్నే తల వంచుతాను.

మీ మాట సంగతి. మా ఊళ్లో ఇంగ్లీషు ముక్క రానివాళ్లకి కూడా టాల్ అంటే తెలుసు. తిత్లీ తుఫానుకి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరంతా పడిపోయింది. ఆ తర్వాత మొక్కలు పంచడానికి వచ్చినవాళ్లు రెండు రకాలు తెచ్చారు. ఒకటి పొట్టి రకం, ఒకటి టాల్. పొట్టిది తొందరగా కాస్తుంది. టాల్ ఆలస్యంగా కాస్తుంది, కానీ దాని కాయలు మనవలు కూడా తింటారు. మా నాన్న బంగారయ్య టాల్ మొక్కలే తీసుకున్నాడు. వాటికి రోజూ నీళ్లు పోస్తాం, అవి ఇంకా తీరిగ్గా ఆలోచిస్తున్నాయి. అందుకని మా ఊళ్లో టాల్ అంటే పొడుగని కాదు, ఆలస్యమని. మా నాయనమ్మ పోలమ్మ నన్ను చూసినప్పుడల్లా, "ఇది టాలు మొక్కే, కాపు లేటు" అంటుంది.

ఇసుక దిబ్బ మీద, మీ మేడమ్ వాళ్ల తోటలో ఒక పాత టాల్ ఉంది. తుఫానుకి పడనిది అదొక్కటే. రాత్రి వేటకి వెళ్లిన పడవలు పొద్దున్న దాన్ని చూసుకునే వస్తాయి. వెనక మహేంద్రగిరి కొండ గండి, ముందు ఈ చెట్టు, రెండూ ఒక వరసలోకి వస్తే కెరటాల మధ్య దారి అక్కడుందని గుర్తు. చెట్టు చిన్నగా కనిపిస్తే ఒడ్డు ఇంకా దూరం. చెట్టు పెద్దదైందంటే ఇంజను ఆపెయ్యాలి, ముందు ఇసుకతిన్నె ఉంటుంది. నన్ను అడిగితే అన్నిటికంటే టాల్ అదే.

బాగా చదువుకోండి.
బేబి

(భానూ, ఈ చీటీ క్లాసులో చదవకు.)

నిజమే, ఇది పెళ్లిళ్ల ఏడు. నీకు తెలియనిదేముంది, మూడేళ్లకోసారి ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకేరోజు, ఊరి పిల్లలకి ఊరి పిల్లలతోనే. మాఘ పౌర్ణమి నాడు వలల పాక దగ్గర పెద్దలు కూర్చుని జంటల పేర్లు చెబుతారు. ఇష్టం లేకపోతే ఆ పిల్ల తల్లి లేచి, "మా పిల్లకి ఈ యేడు కాదు" అనాలి. అంతే, ఇంక మూడేళ్లు.

నా పేరు పక్కన చిన్నప్పటినుంచీ మా మేనత్త కొడుకు యువరాజు పేరే అంటారు. వాడు నా భుజం దాటి కాస్త వస్తాడు. మా పెళ్లిలో ఇద్దరూ ఇసుకలో నిలబడాలి. వాడు నాకు తాళి కట్టాక నేను వాడి మెడలో పసుపుతాడు కట్టాలి. "నిచ్చెన తేవాలిరా" అని ఇప్పటినుంచే నవ్వుతున్నారు. వాడు ఎదురైతే చాలు, నాకు తెలియకుండానే నడుము వంగిపోతుంది. వాడు ఒక్క మాటా అనడు. ఈసారి కాకపోతే గుజరాత్ వెళ్లి వీరావల్ బోట్ల మీద పనికి పోతాడట.

నాకు వాడంటే ఇష్టం, భానూ. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.


టెక్కలి
సెప్టెంబరు 7

బేబీ,

కవరు విప్పిన రోజు చూడాల్సింది. స్టాంపుని ముట్టుకోవడానికి వరస కట్టారు. కాగితం వాసన చూసి, "సముద్రం వాసనొస్తంది" అంది కమలకుమారి. నాకేమో మీ ఇంట్లో ఎండుచేపల వాసన వచ్చింది, చెప్పలేదు. చీటీ ముందే తీసి జాకెట్లో పెట్టుకున్నాను.

ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. స్నానం చేస్తూ, చపాతీల వరసలో నిలబడీ అదే. చివరికి ఒకటి తోచింది. టాల్ అనాలంటే కాళ్లుండాలే! కింద నేల మీద నిలబడి, సన్నగా పైకి వెళ్లినదాన్ని టాల్ అంటారు. మనిషి, చెట్టు, స్తంభం, దీపం కంబం. మబ్బు ఎంత పైనున్నా టాల్ కాదు, దానికి నిలబడడం రాదు. కొండ నిలబడిందని మనం అంటాం గానీ అది కూర్చునే ఉంటుంది, చూడు. పిల్లలకి ఇలా చెబితే ఒప్పేసుకున్నారు. అన్నిచోట్లా ఇది నిలుస్తుందో లేదో తెలియదు, మా క్లాసు వరకు నిలిచింది.

ఇంకొకటి. మన భాషలో పొట్టివాణ్ణి "ఎంత పొడుగున్నావు?" అని అడిగితే వెక్కిరించినట్టుంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. పసిపిల్లని అడిగినా, మరుగుజ్జుని అడిగినా "నువ్వెంత టాల్?" అనే అడుగుతారు. ప్రతివాడికీ తన టాల్ తనకుంటుందన్నమాట. మీ యువరాజుకి కూడా.

నిన్న కలలో నా క్లాసంతా మీ దిబ్బ మీద ఉంది. పిల్లలందరూ కొబ్బరి చెట్లంత ఎదిగిపోయారు. తలలు మంచులో ఉన్నాయి. నేను కింద నిలబడి హాజరు పిలుస్తుంటే పైనుంచి ఎక్కడో "ప్రెజెంట్ మేడమ్" అని సన్నగా వినిపిస్తోంది. నువ్వు కూడా ఉన్నావు. అందరిలోకీ నువ్వొక్కదానివే వంగి ఉన్నావు. అందుకే నీ మొహం నాకు కనబడింది. లేచాక ఎందుకో ఏడుపొచ్చింది.

నువ్వు వంగితే వాడు పొడుగవడు బేబీ. ఇద్దరూ పొట్టిగా కనబడతారు, అంతే. వాణ్ణి సూటిగా అడుగు. నీకు నోరు లేకపోతే నేనొచ్చి అడుగుతాను.

భాను


సరుగుడుపేట
డిసెంబరు 21

భానూ,

ఇన్నాళ్లు ఉత్తరం రాయలేదు. రాసేదేదో ఒకేసారి రాస్తున్నాను.

మీ తోటలో టాల్ పడిపోయింది. గాలి లేదు, వాన లేదు. నీరెండ ఉంది. పడవలు వేటకి వెళ్లిపోయాక, ఊరంతా కాస్త కునుకు తీసే వేళ, మెల్లగా ఒరిగింది. మొదలంతా పురుగు తినేసిందని నాన్న అన్నాడు. నాయనమ్మ మాత్రం దాన్ని నిమిరి, "అలిసిపోనాదే పాపం, పడుకున్నాది" అంది. నిలబడి ఉండగా తలెత్తి చూసిన చెట్టు పక్కన, మొదలు నుంచి మొవ్వు దాకా నడిచాను. ఆకుల్లో ఇంకా గాలి చప్పుడు ఉన్నట్టే ఉంది. మీ పిల్లలకి చెప్పు, పడిపోయిన చెట్టు ఇంక టాల్ కాదు. లాంగ్ అంతే.

మర్నాడు పొద్దున్న ఒకటే మంచు. సముద్రమేదో ఆకాశమేదో తెలియడం లేదు. యువరాజు బోటు రావాలి, చుక్కాని వాడిదే. చెట్టు పడిన సంగతి వాడికి తెలియదు. ఫోన్ అందలేదు. మనసాగక దిబ్బ మీదికి వెళ్లి, చెట్టున్న చోటే నిలబడ్డాను. ఎవరూ చూడరు కదా అని నడుము తిన్నగా పెట్టాను. అలా నిలబడి ఎన్నాళ్లయిందో. దాచడమెందుకు, చాలా హాయిగా ఉంది. కలలో ఒక్కోసారి సముద్రంలో నడుస్తుంటే నీళ్లు నా మోకాళ్ల దాకానే వస్తాయి, అలా ఉంది.

అంతలో మంచులోంచి బోటు వచ్చింది. ఇంజను ఆగలేదు. వచ్చిన జోరు మీదే ఇసుకతిన్నెకి కొట్టుకుని తిరగబడింది. మనుషులు నలుగురూ బయటపడ్డారు. వల సముద్రంలో పోయింది. వాడి భుజం కీలు జారిపోయింది.

పాక దగ్గర పెద్దలు అడిగితే వాడు తలొంచుకుని ఏమన్నాడో తెలుసా? "మంచులో బేబిని సూసి సెట్టనుకున్నాను. సెట్టు అంత సిన్నగా అవుపిత్తే ఒడ్డు ఇంకా దూరమున్నాదనుకున్నాను."

మొదట అందరూ నవ్వారు. తర్వాత నవ్వు పోయి ఇంకోటి మొదలైంది. నీళ్ల కొళాయి దగ్గర ఒకావిడ నాకు వినబడేలాగే, "ఇంకెన్ని బోట్లు ముంచుతాదో మాలచ్చిమి" అంది. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నేనంటే వాడికి ఒక చెట్టు, భానూ. అది కూడా తప్పు దారి చూపించిన చెట్టు. మాఘ పౌర్ణమికి లేచి "మా పిల్లకి ఈ యేడు కాదు" అనెయ్యమని మా అమ్మకి చెప్పేశాను. అమ్మ ఏడ్చింది. వాడు వీరావల్ పోతే పోనీ.

దిబ్బ మీదికి వెళ్లడం మానేశాను.

బేబి


టెక్కలి
జనవరి 11, 2026

బేబీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ కొళాయి దగ్గర మనిషి నా కంటబడాలి గానీ, మేడమ్‌నన్న సంగతి మర్చిపోయి బిందె లాక్కునేదాన్ని.

దేవుడు ఆవిణ్ణి కాకుండా యువరాజుని చూపించాడు. శనివారం సెలవుకి మందస వెళ్తూ కాశీబుగ్గలో బస్సు దిగాను. జీడిపిక్కలు కాల్చిన వాసన ఊరంతా పట్టేసింది. టీ కొట్టు దగ్గర, చెయ్యి మెడకి కట్టుకుని నిలబడి ఉన్నాడు. పలాసలో డాక్టరుకి చూపించుకుని వస్తున్నాడట. నాకు కోపం ఆగలేదు.

"ఏం యువరాజూ, మా బేబి నీకు కొబ్బరి చెట్టులా కనబడిందా?" అన్నాను.

గ్లాసు కింద పెట్టేశాడు. "తవరు కూడా అదే మాటంటే ఎలాగమ్మా" అన్నాడు.

"నువ్వన్న మాటే కదా."

అప్పుడు ఒక సంగతి చెప్పాడు. చెప్పి, మంచి చేతిని చాపి, "బేబికి సెప్పనని ఒట్టెయ్యండమ్మా" అన్నాడు. నేను తెలివితక్కువదాన్ని, వేసేశాను. ఆ తర్వాత బస్సులో సుమ్మాదేవి ఊరు దాటేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. పక్కావిడ నాకు దూరంగా జరిగింది.

ఒట్టు ఒట్టే కాబట్టి ఏం చెప్పాడో రాయను. కానీ నిన్నొకటి అడగమనడానికి ఏ ఒట్టూ అడ్డం రాదు. పౌర్ణమి లోపల వాణ్ణి పట్టుకుని ఈ ఒక్క ప్రశ్న అడుగు. ఆ పొద్దున్న మంచులో నువ్వేం కప్పుకున్నావో అడుగు.

చెట్టనుకున్నవాడికి అది ఎలా తెలుస్తుంది? అడుగు బేబీ. నా మీద ఒట్టు. ఇప్పుడు రెండు ఒట్లయ్యాయి.

భాను


సరుగుడుపేట
ఫిబ్రవరి 3

భానూ,

అడిగాను.

మూడు రోజులు వెనకాముందాడి, నాలుగో రోజు వెళ్లాను. చెయ్యి బాగుపడలేదు కాబట్టి వేటకి వెళ్లకుండా పాకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. సరుగుడు తోపులోంచి చప్పుడు వస్తోంది. నేను గుంజ పట్టుకుని, అలవాటుగా వంగి నిలబడ్డాను.

"ఆ పొద్దున్న నేను ఏటి కప్పుకున్నాను బావా?" అన్నాను.

వల మీంచి తలెత్తలేదు. "మీ అయ్య గళ్ల దుప్పటి. ఒక కొస కిందకి జారిపోతన్నాది" అన్నాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

నేను గుంజ వదిలేశాను. "మరి సెట్టన్నావేటి?"

"మరేటని సెప్పాలి? పిల్లని సూత్తా ఇంజను ఆపడం మర్సిపోనానని సెప్పమంటావేటి? బోటు నీలకంఠం మావది, నన్ను మళ్లీ ఎక్కనిచ్చునా?"

"నన్ను గుర్తుపట్టావా, అంత మంచులో?"

"నిన్ను గుర్తట్టనా? సెట్టు లేదని ముందే తెలిసిపోనాది. అంతలో నువ్వు అవుపించినావు. నువ్వు ఎప్పుడూ వొంగే ఉంటావు గదే. ఆ యేళ తిన్నగా నిలబడ్డావు. అంత పొడుగున్నావని నాకే తెల్దు. సూత్తా ఉండిపోనాను."

భానూ, ఆ మాటకి కరిగిపోవాలి కదా నేను. కరిగాను కూడా. కానీ వెంటనే కొళాయి దగ్గర మాటలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. "నీ పరువు కోసం నన్ను సెట్టుని సేసినావు. ఊరంతా నన్నంటంటే ఊరుకున్నావు. పౌర్ణమి నాడు పాకలో లేచి నిజం సెప్పు. లేపోతే మా అమ్మ లేస్తాది" అని వచ్చేశాను. వచ్చేటప్పుడు గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టింది. తిన్నగా నడిచానన్నమాట.

పౌర్ణమి నాడు వెన్నెల్లో ఊరంతా పాక చుట్టూ కూర్చుంది. పేర్లు ఒక్కొక్కటీ వస్తున్నాయి. "బంగారయ్య కూతురు బేబి, యువరాజు" అన్నారు. వాడు కదలలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. అమ్మ నేల మీద చెయ్యి ఆనించి సగం లేచింది. అప్పుడు లేచాడు మహానుభావుడు.

"సెట్టూ గిట్టూ కాదు. నాను బేబిని సూసే ఇంజను మర్సిపోనాను. తప్పు నాది. దాన్ని ఎవలూ ఏటీ అనకండి" అన్నాడు.

ముందు నాయనమ్మ నవ్వింది, పళ్లు లేని నోటితో. దానితో ఊరంతా అందుకుంది. నీలకంఠం మావ మాత్రం నవ్వలేదు. "ఈ యేడంతా వల లాగు. సుక్కాని ముట్టుకున్నావా, సెయ్యిరగ్గొడతాను" అన్నాడు. వాడు సరేనన్నాడు. చుక్కానంటే వాడికి ప్రాణం, భానూ. అది నా కోసం వదులుకున్నాడు.

అమ్మ మెల్లగా కూర్చుంది.

పెళ్లిళ్లు వచ్చే నెలలో. నువ్వు రావాలి.

బేబి


టెక్కలి
మార్చి 2

నా బంగారు బేబీ,

మీ అమ్మ కూర్చుందన్న చోటికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. స్టాఫ్‌రూములో అందరూ నన్నే చూశారు.

పెళ్లికి రాలేను. పదో తరగతి పరీక్షల డ్యూటీ వేశారు, ఎంత బతిమాలినా వినలేదు. ఏడుపొస్తోంది. వరస చివర్లో నిలబడి నిన్ను చూద్దామనుకున్నాను. నువ్వు కనబడడానికి నేను మెడ సాచక్కర్లేదు కదా.

ఒక్క భయం మాత్రం ఉంది. తీరా ఆ వేళకి అందరూ వంగు వంగు అంటారు. నీ నడుముకి అది పాత అలవాటు. వాడు ప్రేమించింది తిన్నగా నిలబడ్డదాన్ని, అది గుర్తుంచుకో. ఇంకేం చెప్పను.

పిల్లలకి నీ పెళ్లని చెప్పాను. కమలకుమారి లేచి, తప్పుల్లేకుండా, పూర్తి ఇంగ్లీషు వాక్యంలో అడిగింది, యువరాజు ఎంత టాల్ అని. జవాబు ఉత్తరంలోనే రావాలట. ఫోన్లో చెబితే ఒప్పుకోరట.

భాను


సరుగుడుపేట
మార్చి 29

భానూ,

పెళ్లయింది. మొన్న చీరలన్నీ ఉతికి ఆరేశారు. ఊరంతా దండేల మీద పసుపు రంగు ఎగురుతోంది. నాకింకా కలలో ఉన్నట్టే ఉంది. నువ్వు లేని లోటు అడుగడుగునా తెలిసింది.

సాయంత్రం జంటలన్నీ సముద్రం ఒడ్డున వరసగా నిలబడ్డాం. ఎండ తగ్గి, ఇసుక గులాబీ రంగులోకి వచ్చింది. ఒక్కో జంట దగ్గరికీ మేళం వచ్చి ఆగుతోంది. వాయించేవాడు మా దగ్గరికి రాకముందే నవ్వడం మొదలుపెట్టాడు. మా చుట్టూ జనం పోగయ్యారు. అందరూ ఎదురుచూసింది మా కోసమే కదా.

మేళం ఆగింది. యువరాజు తాళి పట్టుకున్నాడు. "వొంగే గుంటా" అంది నాయనమ్మ. "వొంగు బేబీ, వొంగు" అన్నారు చుట్టూ. నీ ఉత్తరం గుర్తుంది భానూ, ఒట్టు. అయినా నా నడుము దానంతటదే కదిలింది.

"ఆగు" అన్నాడు వాడు.

వెనక్కి తిరిగి ఈల వేశాడు. వాడి స్నేహితులు ఇద్దరు జనంలోంచి ఒక మొద్దు దొర్లించుకుంటూ వచ్చారు. కొబ్బరి మొద్దు, రెండు పక్కలా నున్నగా కోసింది. పసుపు రాసి, బొట్లు పెట్టారు. మీ నాన్న తారకేశ్వరరావు గారిని అడిగి తెచ్చాడట. పడిపోయిన మన టాల్ ముక్కే. దాన్ని ఇసుకలో నిలబెట్టారు. వాడు పేరుకి తగ్గట్టు రాజులాగే ఎక్కాడు గానీ, ఎక్కగానే ఊగిపోయాడు. నేను మోచెయ్యి పట్టుకున్నాను. ఊరంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

అప్పుడు చూశాను. వాడి కళ్లు నా కళ్లకి ఎదురుగా ఉన్నాయి. పుట్టినప్పటినుంచీ ఎరిగినవాణ్ణి అంత తిన్నగా ఎప్పుడూ చూడలేదు. ఎడమ కనుబొమలో చిన్న మచ్చ ఉంది వాడికి. నాకు తెలియనే తెలియదు.

తాళి కట్టాక వాడు దిగాడు. ఇప్పుడు నా వంతు. "ఇప్పుడైనా వొంగు, కట్టాల గదా" అని ఎవరో అన్నారు. కొళాయి దగ్గరావిడ గొంతులానే ఉంది. వాడు గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పసుపుతాడు కట్టడానికి చేతులు చాపితే సరిపోయింది.

ఆ మొద్దు ఇప్పుడు మా గుమ్మం పక్కన ఉంది. నాయనమ్మ దాని మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. చెట్టున్న చోట నాన్న ఇంకో టాల్ మొక్క నాటాడు. అది ఎదిగేదాకా పడవలకి గుర్తుగా ఒక సరుగుడు కర్ర పాతారు.

కమలకుమారికి జవాబు రాస్తున్నాను, క్లాసులో చదువు. పడిపోయిన చెట్టు టాల్ కాదని అప్పుడు రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. యువరాజు ఎంత టాలంటే, ఆ చెట్టు ముక్క ఎక్కితే సరిగ్గా నా అంత.

నీ భయం సంగతి కూడా చెప్పాలి. అంతమంది వంగమన్నారు, భానూ. నేను వంగలేదు.

నీ,
బేబి